12.00 అంటోంది సప్లై, 11.93 అంటోంది మీటర్: ఎవరి మాట నమ్మాలి?

మీ ప్రశ్న నాకు అర్థమైనంతవరకు ఇది. మీ దగ్గర 30 వోల్టులు, 5 ఆంపియర్ల బెంచ్ పవర్ సప్లై ఉంది. నాబ్ తిప్పి డిస్‌ప్లేలో 12.00 పెట్టారు. చేతి మల్టీమీటర్‌తో చూస్తే 11.93 వచ్చింది. 3 ఆంపియర్లు తీసుకునే బోర్డు తగిలిస్తే, బోర్డు దగ్గర 11.60 మాత్రమే ఉంది. మూత తీసి చూస్తే లోపల చిన్న ప్రీసెట్, అంటే స్క్రూడ్రైవర్‌తో తిప్పి సర్దుబాటు చేసే రెసిస్టర్, కనిపించింది. దాన్ని తిప్పి సరిచేసెయ్యనా అని అడిగారు.

ముందు ఆ స్క్రూడ్రైవర్ పక్కన పెట్టండి. 0.07 తేడా విషయంలో ఇంకా ఎవరి మీదా నేరం రుజువు కాలేదు. 0.33 తేడా మాత్రం దాదాపు మొత్తం మీ తీగలదే, సప్లైకి దాంతో సంబంధం లేదు. ఇవి రెండు వేర్వేరు గొడవలు. ఒకే ప్రీసెట్‌తో రెండూ తీర్చబోతే రెండూ ముదురుతాయి.

ఇంత గట్టిగా ఎందుకు చెబుతున్నానంటే ఆ పని నేను ఒకసారి చేసి చీవాట్లు తిన్నాను. ఉద్యోగంలో చేరి అప్పటికి రెండో ఏడు. టెస్ట్ బెంచ్ మీద నాలుగు సప్లైలు ఉండేవి. ఒక రోజు పొద్దున్నే నా పసుపు రంగు మీటర్‌తో చూస్తే, డిస్‌ప్లేలో 12.00 ఉన్న ప్రతి సప్లైలోనూ 12.6 వస్తోంది. నాలుగు మూతలూ తీశాను. నాలుగు డిస్‌ప్లేల ప్రీసెట్లూ తిప్పి నా మీటర్‌తో కలిపేశాను. పెద్ద పని చేసినట్టు టీ తాగడానికి వెళ్లాను. సాయంత్రానికి లైన్‌లో బోర్డులు వరసగా ఫెయిలవడం మొదలైంది. ఆ బోర్డుల్లో 11.5 కంటే తగ్గితే ఆగిపోయే లో వోల్టేజ్ కటాఫ్ ఉంది. ఆపరేటర్లు డిస్‌ప్లేలో 12.00 పెడుతున్నారు, నిజంగా వస్తున్నది 11.4 చిల్లర.

చివరికి తేలిందేమిటంటే, మీటర్‌లో 9 వోల్టుల బ్యాటరీ దిగిపోయింది. ఆ రకం చవక మీటర్లలో కొలతకి ఆధారమైన రిఫరెన్స్ వోల్టేజ్ ఆ బ్యాటరీ నుంచే పుడుతుంది. బ్యాటరీ ఒక స్థాయి దాటి పడిపోతే రిఫరెన్స్ కూడా తగ్గుతుంది. మీటర్ చేసేది ఇన్‌పుట్‌ని రిఫరెన్స్‌తో భాగించడమే కాబట్టి, రీడింగ్ తగ్గడానికి బదులు పెరుగుతుంది. ఇదే మోసం చేసే విషయం. బ్యాటరీ అయిపోతే మీటర్ తక్కువ చూపిస్తుందని అందరం అనుకుంటాం. అసలు నాలుగు సప్లైలు ఒకే రోజు, ఒకే దిక్కుకి, ఒకే అంత తప్పవుతాయా అని నాకు తట్టాలి. నలుగురు సాక్షులు ఒకే మాట చెబుతుంటే నేను ఐదోవాడిని నమ్మాను. అందుకే మీరు చేయాల్సిన మొదటి పని మీటర్‌కి కొత్త బ్యాటరీ వేసి మళ్లీ చూడటం.

అయినా 11.93 వచ్చిందనుకోండి. ఇప్పుడు రెండు మాన్యువల్స్ తెరవండి. మీ స్థాయి సప్లైలకి డిస్‌ప్లే ఖచ్చితత్వం ±(0.5% + 2 డిజిట్లు) అని రాయడం మామూలు. మీదాంట్లో వేరేగా ఉంటే ఆ అంకెలే వేసుకోండి, లెక్క పద్ధతి మారదు. 12లో అర శాతం అంటే 60 మిల్లీవోల్టులు. చివరి అంకె విలువ 10 మిల్లీవోల్టులు కాబట్టి రెండు డిజిట్లంటే ఇంకో 20. మొత్తం 80. అంటే డిస్‌ప్లే 12.00 అన్నప్పుడు అసలు వోల్టేజ్ 11.92 నుంచి 12.08 మధ్య ఎక్కడున్నా తయారుచేసినవాడు మాట తప్పినట్టు కాదు.

ఇప్పుడు మీటర్ వంతు. మూడున్నర డిజిట్ల (1999 దాకా చూపించే) మామూలు మీటర్‌కి 20 వోల్టుల రేంజ్‌లో కూడా ఇంచుమించు ఇదే స్పెసిఫికేషన్ ఉంటుంది. అంటే అదీ 80 మిల్లీవోల్టులు అటూ ఇటూ. అది 11.93 అన్నప్పుడు నిజం 11.85కీ 12.01కీ మధ్య ఉంది. రెండు హద్దులూ కలిసే చోటు చూడండి: 11.92 నుంచి 12.01 దాకా. నిజం అక్కడే ఎక్కడో ఉండి ఉంటుంది, అప్పుడు ఇద్దరూ నిర్దోషులే. సప్లైతో సమానమైన తప్పు చేసే హక్కున్న మీటర్‌తో సప్లైని పరీక్షించడం కుదరదు. కొలిచేది కొలవబడేదానికంటే కనీసం నాలుగు రెట్లు మెరుగ్గా ఉండాలని కాలిబ్రేషన్ వాళ్లు పాతకాలం నుంచి ఒక నియమం పెట్టుకున్నారు. మీ దగ్గర ఉన్నది ఒకటికి ఒకటి.

నాలుగు రెట్లు మెరుగైన మీటర్ అంటే ఎక్కువ డిజిట్లున్న మీటర్ అని చాలామంది పొరబడతారు. ఆరువేల కౌంట్ల (దాదాపు 6000 దాకా అంకెలు చూపే) డిస్‌ప్లే ఉండి 0.5 శాతం తప్పే మీటర్లు బజార్లో బోలెడు. కొనేముందు చూడాల్సింది ఆ శాతం, ఆ తర్వాత వచ్చే డిజిట్లు, ఆ తర్వాత ఏ రేంజ్‌లో ఉన్నాం అన్నది. ఫ్లూక్ 87వి తీసుకోండి, డీసీ వోల్టేజ్‌కి 0.05% + 1 డిజిట్. 5 వోల్టుల దగ్గర అది 6 వోల్టుల రేంజ్‌లో ఉంటుంది, చివరి అంకె 1 మిల్లీవోల్టు. 2.5, దానికి 1 కలిపితే 3.5 మిల్లీవోల్టులు. భేషుగ్గా ఉంది. 12 వోల్టులకి వెళ్లగానే అదే మీటర్ 60 వోల్టుల రేంజ్‌కి మారుతుంది, చివరి అంకె 10 మిల్లీవోల్టులు అవుతుంది. 6కి 10 కలిపితే 16. మీ సప్లై హద్దు 80 కాబట్టి ఐదు రెట్లు, ఇంకా పర్వాలేదు. కానీ ఒక్క డిజిటే సగం కంటే ఎక్కువ తినేసింది, గమనించండి.

బెంచ్ మీటర్ల సంగతి వేరు. హెచ్‌పీ పేరుతో వచ్చి, తర్వాత ఎజిలెంట్ అయి, కీసైట్ అయిన 34401ఎ ఆరున్నర డిజిట్ల మీటర్‌కి 10 వోల్టుల రేంజ్‌లో ఏడాది స్పెసిఫికేషన్ రీడింగ్‌లో 0.0035%, రేంజ్‌లో 0.0005%. 11.93 దగ్గర ఇది అర మిల్లీవోల్టు కూడా కాదు. పాత ఇంజినీరింగ్ కాలేజీల్లో, కంపెనీల్లో ఇవి ఇంకా కనిపిస్తాయి. తెలిసినవాళ్ల దగ్గర ఒక గంట కూర్చోనిస్తే చాలు, మీ చేతి మీటర్‌ని తీసుకెళ్లి రెండూ పక్కపక్కన పెట్టి తేడాలు రాసుకుని రండి. సప్లై మోసుకెళ్లడం కంటే ఇది తేలిక.

ఏడీ584 చిప్‌తో వచ్చే చిన్న రిఫరెన్స్ బోర్డులు ఆన్‌లైన్‌లో దొరుకుతాయి, 2.5, 5, 7.5, 10 వోల్టులు ఇస్తాయి. వాటి గురించి కూడా అడుగుతారని ముందే చెబుతున్నాను. ఆ చిప్ అన్నిటికంటే కింది గ్రేడ్‌కి 10 వోల్టుల దగ్గర ±30 మిల్లీవోల్టుల దాకా హద్దుంది. కాబట్టి 10 అని రాసుంటే 10 అనుకోకండి. మంచి మీటర్‌తో కొలిచి దాని మీద రాసిన విలువ ఉంటేనే అది పనికొస్తుంది. ఆ విలువ రాసినవాడి మీటర్ ఎలాంటిదో మనకి తెలియదన్నది వేరే సంగతి.

కొలిచే పద్ధతికి వద్దాం. సప్లైని, మీటర్‌ని అరగంట ముందే ఆన్ చేసి వదిలేయండి. ఫ్యాన్ గాలి నేరుగా తగలకూడదు. సప్లై డిస్‌ప్లే పక్కన సీవీ (స్థిర వోల్టేజ్) లైట్ వెలుగుతోందో లేదో చూడండి. సీసీ (స్థిర కరెంట్) వెలుగుతుంటే కరెంట్ లిమిట్ తగిలి వోల్టేజ్ కిందికి లాగబడింది, అప్పుడు మీరు కొలుస్తున్నది వోల్టేజ్ ఖచ్చితత్వం కాదు. ఇది చిన్నపిల్లలకి చెప్పినట్టుంది గానీ, నా దగ్గరికి సప్లై పాడైందని తెచ్చినవాటిలో కొన్నిటికి కరెంట్ నాబ్ కొంచెం కుడివైపు తిప్పడమే రిపేరు.

లోడ్ లేకుండా, ముందువైపు టెర్మినళ్ల దగ్గరే, ఒక్క 12 దగ్గర కాకుండా నాలుగైదు చోట్ల చూడండి. ఒక్క బిందువు ఏమీ చెప్పదు. ఈ మధ్య మీలాంటి సప్లై ఒకటి నా బెంచ్ మీదకి వచ్చింది. డిస్‌ప్లేలో 5.00 పెడితే 4.965, 12.00కి 11.93, 24.00కి 23.87, 30.00కి 29.84. తప్పులు వరసగా 35, 70, 130, 160 మిల్లీవోల్టులు, అన్నీ కిందికే. 5 నుంచి 12కి వెళ్తే ఏడు వోల్టులకి తప్పు 35 పెరిగింది, అంటే వోల్టుకి 5. అదే లెక్కన వెనక్కి వెళ్తే సున్నా దగ్గర 10 మిగులుతుంది. 24 దగ్గర 120కి 10 కలిపితే 130, సరిపోయింది. 30 దగ్గర 150కి 10, అదీ సరిపోయింది. కాబట్టి ఇందులో 10 మిల్లీవోల్టుల ఆఫ్‌సెట్ ఉంది, అంటే అన్ని చోట్లా ఒకేలా ఉండే తప్పు; అర శాతం గెయిన్ తప్పు, అంటే వోల్టేజ్‌తో పాటు పెరిగే తప్పు, కూడా ఉంది. గీత వంకర లేదు. ఇలా తిన్నగా పెరిగే తప్పైతే వయసుతో రిఫరెన్స్‌గానీ ప్రీసెట్‌గానీ కొంచెం జరిగిందని అర్థం, భయపడక్కర్లేదు. అన్ని చోట్లా ఒకే అంత ఉంటే ఆఫ్‌సెట్ ఒక్కటే. మధ్యలో ఒకచోట మాత్రమే ఎక్కువ తప్పుంటే, లేదా రెండుసార్లు చూస్తే రెండు విలువలొస్తే, అప్పుడు భయపడండి.

ఆ సప్లై పాసైందా అంటే, ఇక్కడే అసలు మెలిక ఉంది. హద్దులు 5 దగ్గర 45, 12 దగ్గర 80, 24 దగ్గర 140, 30 దగ్గర 170. తప్పులన్నీ వాటిలోపలే ఉన్నాయి. కానీ నేను కొలిచింది 87విలాంటి మీటర్‌తో. 5 దగ్గర తప్పు 35, మీటర్ సందేహం 3.5 కలిపినా 38.5, నిస్సందేహంగా పాస్. 12 దగ్గర 70కి 16 కలిపితే 86, హద్దు 80. అంటే అసలు తప్పు 54 కావచ్చు, 86 కావచ్చు. పాస్ అనలేను, ఫెయిల్ అనలేను. 24 దగ్గర, 30 దగ్గర కూడా ఇదే పరిస్థితి. టెస్ట్ రిపోర్ట్‌లో పాస్, ఫెయిల్ కాకుండా 'ఈ మీటర్‌తో చెప్పలేం' అనే మూడో గడి ఉండాలని నేను ఎప్పుడూ వాదిస్తాను. మేనేజర్లకి అది నచ్చదు. తర్వాత ఆరున్నర డిజిట్ల మీటర్‌తో 30 దగ్గర చూస్తే సందేహం 2 మిల్లీవోల్టులకి తగ్గింది, తప్పు 158కీ 162కీ మధ్య అని తేలింది. హద్దు 170, పాస్.

మీది కీప్యాడ్‌తో విలువ కొట్టే సప్లై అయితే ఇంకో సంగతి. అక్కడ మూడు అంకెలుంటాయి: మీరు అడిగింది, సప్లై తనకు తాను కొలుచుకుని చూపించేది, నిజంగా బయటికి వచ్చేది. అడిగినదానికీ వచ్చినదానికీ తేడా ఒక స్పెసిఫికేషన్. చూపించినదానికీ వచ్చినదానికీ తేడా ఇంకో స్పెసిఫికేషన్. లోపల రెండు వేర్వేరు సర్క్యూట్లు పనిచేస్తాయి కాబట్టి రెండూ విడిగా తప్పొచ్చు. నాబ్ తిప్పే సప్లైలో మొదటిది లేదు, నాబ్ మీద అంకెలే ఉండవు కదా. అక్కడ డిస్‌ప్లే అంటే పెట్టెకి అంటించిన ఒక వోల్ట్‌మీటర్, అంతే. మన కాలేజీ ల్యాబుల్లోని పాత డ్యూయల్ సప్లైలలో ఆ పని ఐసీఎల్ 7107 చిప్ చేసేది, దాని రిఫరెన్స్‌ని 100 మిల్లీవోల్టులకి ఒక ప్రీసెట్‌తో కలుపుతారు. ఆ ప్రీసెట్ తిప్పితే మారేది డిస్‌ప్లేనే, బయటికి వచ్చే వోల్టేజ్ కాదు. మీరు చూసిన ప్రీసెట్ ఏదో తెలియకుండా తిప్పొద్దన్నది అందుకే కూడా.

ఇక 11.60 సంగతి. మీరు సప్లైతో వచ్చిన ఎర్ర, నల్ల క్రొకడైల్ క్లిప్ తీగలు వాడారనుకుంటాను. 0.5 చదరపు మిల్లీమీటర్ల రాగి తీగకి మీటరు పొడవుకి దాదాపు 35 మిల్లీఓమ్‌ల రెసిస్టెన్స్ ఉంటుంది. పోను ఒక మీటరు, రాను ఒక మీటరు, మొత్తం 70. మూడు ఆంపియర్లు దాంట్లో పారితే 0.21 వోల్టులు అక్కడే పోయాయి. మిగతా 0.12 క్లిప్పుల పళ్ల దగ్గర, బనానా ప్లగ్‌ల దగ్గర పోయింది. ఆశ్చర్యమేమీ లేదు. చవక తీగల్లో ఇన్సులేషన్ లావుగా, లోపల రాగి సన్నగా ఉంటుంది. ఒక్కోసారి రాగి కూడా కాదు, అయస్కాంతం పెట్టి చూడండి, అతుక్కుంటే ఇనుముంది.

నమ్మకం కుదరకపోతే, లోడ్ పారుతుండగా మీటర్ ఒక ప్రోబ్ సప్లై ప్లస్ టెర్మినల్ మీద, రెండోది బోర్డు ప్లస్ మీద పెట్టండి. ఆ తీగ ఎంత తింటోందో నేరుగా కనిపిస్తుంది. మైనస్ వైపు కూడా అలాగే. రెండూ కలిపితే 0.3 పైన రావాలి. మందు ఏమిటంటే పొట్టి తీగ, లావు తీగ. లేదా సప్లై వెనక సెన్స్ టెర్మినళ్లుంటే వాటి నుంచి రెండు సన్న తీగలు బోర్డు దాకా తీసుకెళ్లండి. అప్పుడు సప్లై తన టెర్మినళ్ల దగ్గర కాకుండా బోర్డు దగ్గర వోల్టేజ్ చూసుకుని దాన్ని నిలబెడుతుంది. పని అయ్యాక సెన్స్ లింకులు (సెన్స్, అవుట్‌పుట్ టెర్మినళ్లని కలిపే పట్టీలు) మళ్లీ బిగించడం మరిచిపోకండి.

లోడ్ పెట్టినప్పుడు సప్లై నిజంగా ఎంత కుంగుతుందో చూడాలంటే ప్రోబ్ పెట్టే చోటు చాలా ముఖ్యం. లోడ్ తీగలు బైండింగ్ పోస్ట్ (సప్లై ముందున్న స్క్రూ టెర్మినల్) స్క్రూ కింద బిగించండి. మీటర్ ప్లగ్‌లు ఆ పోస్ట్ ముందు రంధ్రంలో పెట్టండి. లోడ్ ప్లగ్ వీపు మీద మీటర్ ప్లగ్ గుచ్చితే కింది ప్లగ్ కాంటాక్ట్‌లో పోయిన వోల్టేజ్ కూడా సప్లై ఖాతాలో పడుతుంది. 5 మిల్లీఓమ్‌ల కాంటాక్ట్, 5 ఆంపియర్ల కరెంట్ అంటే 25 మిల్లీవోల్టులు. మంచి సప్లైల లోడ్ రెగ్యులేషన్ (లోడ్ పెడితే వోల్టేజ్ ఎంత కుంగొచ్చో చెప్పే హద్దు) 0.01% + 3 మిల్లీవోల్టులని రాస్తారు, 12 దగ్గర అది 4 చిల్లర. కాంటాక్ట్ ముందు అది ఏ మూలకి?

ఈ పరీక్షలో ఒక సుఖం ఉంది. ఇక్కడ మీకు కావాల్సింది లోడ్‌కి ముందూ తర్వాతా తేడా మాత్రమే. మీటర్ అర శాతం తప్పు చూపించినా రెండుసార్లూ అదే తప్పు చూపిస్తుంది కాబట్టి తేడాలో ఆ తప్పు దాదాపు మాయమవుతుంది. కావాల్సింది చిన్న అంకెలు కనిపించడం, రేంజ్ మారకపోవడం. ఆటో రేంజ్ తీసేసి మాన్యువల్‌లో పెట్టండి. లోడ్‌కి 12 వోల్టులు, 35 వాట్ల బైక్ హెడ్‌లైట్ బల్బు చక్కగా సరిపోతుంది, దాదాపు 3 ఆంపియర్లు తీసుకుంటుంది. చల్లగా ఉన్న ఫిలమెంట్ మొదటి క్షణంలో దానికి ఎన్నో రెట్లు లాగుతుంది, సీసీ లైట్ ఒకసారి మెరిస్తే కంగారు పడకండి. చూపు పాడవకుండా దాని మొహం గోడకి తిప్పి పెట్టండి.

మెయిన్స్ మారితే ఏమవుతుందో చూడటానికి డిమ్మర్‌స్టాట్‌తో (మెయిన్స్ వోల్టేజ్‌ని పెంచే, తగ్గించే ట్రాన్స్‌ఫార్మర్) 207 నుంచి 253 వోల్టుల దాకా తిప్పి చూడవచ్చు. అది ఐసోలేషన్ ఇవ్వదని, అంటే మెయిన్స్ నుంచి విడదీయదని, గుర్తుంచుకోండి. రిపుల్ (డీసీ మీద మిగిలే అలలు) కోసం ఆసిలోస్కోప్‌ని ఏసీ కప్లింగ్‌లో, 20 మెగాహెర్ట్జ్ బ్యాండ్‌విడ్త్ లిమిట్‌తో, పొట్టి గ్రౌండ్‌తో వాడండి. 100 హెర్ట్జ్ అలలు ఎక్కువగా కనిపిస్తే ఫిల్టర్ కెపాసిటర్‌ని అనుమానించండి. డీసీ రీడింగ్ ఎంత బాగున్నా సప్లై లోపల ఆసిలేట్ అవుతుంటే (వోల్టేజ్ తనంతట తాను వేగంగా ఊగుతుంటే) మీటర్ సగటు మాత్రమే చూపిస్తుంది, అందుకని ఒక్కసారైనా స్కోప్ పెట్టకుండా వదలకండి.

మీరు ఉన్నది రామగుండం అన్నారు. ఏసీ లేని గదిలో మే నెల మధ్యాహ్నం ఈ పరీక్ష పెట్టుకోకండి. పైన చెప్పిన శాతాలన్నీ 18 నుంచి 28 డిగ్రీల మధ్య గదికి రాసినవి. మామూలు చేతి మీటర్లలో ఆ హద్దు దాటిన ప్రతి డిగ్రీకి స్పెసిఫికేషన్‌లో పదో వంతు కలుపుకోమంటారు. గది 38 ఉంటే పది డిగ్రీలు ఎక్కువ, అంటే మీటర్ సందేహం రెట్టింపు. పొద్దున్నే చేయండి.

కాలిబ్రేషన్‌కి ఇవ్వాలనుకుంటే, సప్లై కంటే మీటర్‌ని ఇవ్వడం లాభం. ఒక్క మీటర్ సరిగ్గా ఉంటే ఎన్ని సప్లైలైనా ఇంట్లోనే చూసుకోవచ్చు. హైదరాబాద్‌లో కేంద్ర ప్రభుత్వ నాణ్యతా పరీక్షల సంస్థ ఎస్‌టీక్యూసీ కింద ఈటీడీసీ అనే ఎలక్ట్రానిక్స్ పరీక్షా కేంద్రం ఉంది, ల్యాబులకి గుర్తింపునిచ్చే బోర్డు ఎన్‌ఏబీఎల్ గుర్తింపు ఉన్న ప్రైవేట్ ల్యాబులూ ఉన్నాయి. సర్టిఫికెట్‌లో ప్రతి బిందువు దగ్గర రీడింగ్, దాని అనిశ్చితి అంకె ఉండాలి. 'ఓకే' అని స్టిక్కర్ ఒక్కటే అంటించి ఇస్తే డబ్బు దండగ. సర్దుబాటు చేస్తే ముందు విలువలు, తర్వాత విలువలు రెండూ ఇమ్మనండి. ముందు విలువలు లేకపోతే ఇన్నాళ్లూ మీరు చేసిన కొలతలు ఎంత తప్పాయో ఎప్పటికీ తెలియదు.

ఇవన్నీ చేశాక కూడా తప్పు హద్దు దాటిందని తేలితే అప్పుడు ప్రీసెట్ దగ్గరికి వెళ్లండి. ముందు ఉన్న విలువలన్నీ రాసిపెట్టుకోండి. ఫోన్‌తో ప్రీసెట్ ఉన్న స్థానం ఫొటో తీయండి. మూత తీసిన సప్లైలో 230 వోల్టులు, నిండుగా ఛార్జ్ అయిన కెపాసిటర్లు ఉంటాయి, కాబట్టి ప్లాస్టిక్ స్క్రూడ్రైవర్, ఒక చెయ్యి జేబులో. రెండు ప్రీసెట్లుంటే తక్కువ వోల్టేజ్ దగ్గర ఆఫ్‌సెట్‌ది, ఎక్కువ వోల్టేజ్ దగ్గర గెయిన్‌ది తిప్పండి. ఒకటి తిప్పితే రెండోది కొంచెం కదులుతుంది, కాబట్టి రెండు మూడుసార్లు అటూ ఇటూ తిరగాలి. అయిపోయాక ఒక చుక్క నెయిల్ పాలిష్.

హద్దులోపలే ఉంటే తిప్పొద్దు. నేను చెప్పిన ఆ 35, 70, 130, 160 సప్లైకి నేను చేసింది ఇంతే: చిన్న కాగితం మీద '5కి 4.965, 12కి 11.93, 24కి 23.87, 30కి 29.84' అని, కింద తేదీ, వాడిన మీటర్ పేరు రాసి, పైమూత మీద టేప్‌తో అంటించాను. ఇప్పుడు సరిగ్గా 12 కావాల్సినవాళ్లు డిస్‌ప్లేలో 12.07 పెట్టుకుంటున్నారు. మీరు కూడా ఆ నాలుగు రీడింగులు, లోడ్ పెట్టినప్పుడు టెర్మినల్ దగ్గర రీడింగ్, రెండు తీగల్లో పోతున్న వోల్టేజ్ రాసి పంపండి, చూసి చెబుతాను.